‘ఆయ్’కీ ‘ఓం’కీ మధ్య ఒక పీచు మిల్లు

కోనసీమ అందాలు చూద్దామని నేను ఈ ప్రయాణం పెట్టుకోలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. మొన్న వేసవిలో ఒక సాయంత్రం పాత స్నేహితురాలు ఫోన్ చేసి, "నీకు తమిళం, తెలుగు రెండూ వచ్చు కదా, ఒక్కరోజు పనుంది, అమలాపురం రాగలవా?" అంది. శ్రీలంక ఉత్తరాన ముల్లైత్తీవు వైపు నుంచి ఆరుగురు ఆడవాళ్ళు వచ్చారట. యుద్ధంలో నేలమట్టమైన ఊళ్ళను మళ్ళీ నిలబెట్టే పనిలో మన దేశం కూడా సాయం చేస్తోంది కదా, అందులో భాగంగా కొబ్బరి మీద బతికే పనులు నేర్పడానికి వాళ్ళను ఇక్కడికి రప్పించారట. వారం రోజుల శిక్షణ. ఆరుగురికీ కలిపి ఒకే దుబాసీ. ఆఖరి రోజున మిగతావాళ్ళంతా బండారులంకలో చీరలు కొనుక్కోవడానికి వెళ్తుంటే, అందులో ఒకావిడ మాత్రం పీచు మిల్లుకే వెళ్తానని పట్టుబట్టిందట. ఆవిడ వెంట ఉండి మాట అటూ ఇటూ చేర్చడానికి ఒక మనిషి కావాలి. నేను పుట్టింది తెనాలిలో అయినా పెరిగిందంతా చెన్నైలోనే, తమిళం బాగానే వచ్చు. సరే అన్నాను. కొబ్బరి పీచు తీయడం నేనెప్పుడూ చూడలేదు, బ్లాగుకి ఒక మంచి ముక్క దొరుకుతుందని కూడా ఆశపడ్డాను. దొరికింది. కాకపోతే ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

చెన్నై నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి రాజమండ్రి. అక్కడ కాంప్లెక్సులో అమలాపురం బస్సులు ఎప్పుడూ ఉంటాయి. రావులపాలెం, కొత్తపేట మీదుగా రెండు గంటలు పడుతుంది, టికెట్టు నూట యాభై దాటదు. కిటికీ సీటు దొరికితే కొత్తపేట దాటాక కాలువ పక్కన ప్రయాణం హాయిగా ఉంటుంది. ఆ హాయి గురించి ఇదివరకు చాలామంది రాశారు, నేను మళ్ళీ రాయను. అమలాపురంలో ఒక లాడ్జిలో దిగి, మర్నాడు ఉదయం ఏడింటికి కింద నిలబడితే కారొచ్చింది. ముందు సీట్లో కార్యక్రమం చూసుకునే కోఆర్డినేటర్ గారు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, నోటినిండా నవ్వు. డ్రైవరు దుర్గారావు. వెనక సీట్లో నేను కలవవలసిన మనిషి. పేరు తవమణి. నలభై దాటి ఉంటాయి, పొట్టి మనిషి, బొంగురు గొంతు. ముందు రోజు ఎవరో బహుమతిగా కట్టబెట్టిన కొత్త చేనేత చీర గంజిబిగువుతో బిర్రుగా ఉంటే, అందులో ఇబ్బందిగా కూర్చుని ఉంది.

పలకరింపుగా "టిఫినైందా?" అని తమిళంలో అడిగాను. "ఓం" అంది ఆవిడ. నేనొక్క క్షణం తెల్లబోయి, తర్వాత గుర్తు తెచ్చుకున్నాను. వాళ్ళ వైపు తమిళంలో ఓం అంటే అవును అని. చెన్నైలో మనం ‘ఆమా’ అంటామే, అదే.

దుర్గారావు అద్దంలోంచి చూసి మురిసిపోయాడు. "చూసేరా మేడమ్ గారూ, ఈ అమ్మగారు చాలా భక్తండి. ఏవడిగినా ముందు ఓంకారవేనండి. మా ఇంటిదానికి చెప్తే దణ్ణం పెట్టేసిందండి."

కోఆర్డినేటర్ గారు వెనక్కి తిరిగి, "అందుకేనండి వారం నుంచీ వీరిని గుళ్ళకి తిప్పుతున్నాం. అంతర్వేది, అయినవిల్లి, మందపల్లి... అప్పనపల్లయితే రెండుసార్లు తీసుకెళ్ళేవండి. వెళ్దామా అంటే చాలు, ఓం అంటారు" అన్నారు గర్వంగా.

అసలు సంగతి చెప్పాను. "అదేంటండీ బాబూ..." అన్నారు కోఆర్డినేటర్ గారు, "మరి దుబాసీ ఉన్నాడు కదండీ?" ఆ దుబాసీని స్టేజీ మీద ఉపన్యాసాల కోసం అట్టేపెట్టుకుని, మిగతా రోజంతా ఈ ఆడవాళ్ళను సైగలకీ, వచ్చీరాని ఇంగ్లీషుకీ వదిలేశారని నాకు తర్వాత తెలిసింది. ఈ ఓంకారం సంగతి తవమణికి చెబితే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "నేనూ అనుకున్నాను, వీళ్ళకి నా ఆత్మ గురించి ఇంత బెంగేమిటా అని."

నవ్వడం అయ్యాక నన్నొక ప్రశ్న అడిగింది. "మరి వీళ్ళు ఆయ్ అంటారే, అది మా ఓం లాంటిదే కదా? మిషను మీద నన్ను చెయ్యి వెయ్యనివ్వండి అని మొదటి రోజు నుంచీ సైగ చేసి అడుగుతున్నాను. అడిగినవాళ్ళందరూ ఆయ్ అన్నారు. రోజులు మాత్రం అయిపోయాయి."

ఏం చెప్పను? గోదావరి జిల్లాల్లో ఆయ్ అంటే మీ మాట మర్యాదగా చెవిన వేసుకున్నామని అర్థం. పని జరగడం జరగకపోవడం వేరే సంగతి. అలాగే చెప్పాను. ఆవిడ ముఖంలో నవ్వు ఆరిపోయింది. అప్పుడు తన గోడంతా చెప్పుకొచ్చింది, అది విన్నాక నాకు కూడా ఆ రోజు మరో పని లేకుండా పోయింది.

వాళ్ళ ఊళ్ళో కొబ్బరిచెట్లు షెల్లులకి తలలు తెగి మొండాలు మిగిలాయట. క్యాంపుల్లోంచి తిరిగొచ్చాక మందుపాతరలు తీసిన నేలలో మళ్ళీ మొక్కలు పాతుకున్నారు. ఇప్పుడవి కాపుకొచ్చాయి. "మా ఇల్లు మీ దేశం ఇచ్చిన డబ్బుతో, మా చేతులతో కట్టుకున్నాం. ఆ మాట ఎక్కడైనా చెప్తాను" అంది. తర్వాత మన దేశమే వాళ్ళ మహిళా సంఘానికి పీచు తీసే మిషనొకటి ఇచ్చింది. రిబ్బను కత్తిరించారు. వచ్చిన మెకానిక్కు ఒక పూట తిప్పి చూపించి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచీ ఆ మిషను డొక్కను, అంటే కొబ్బరికాయ మీది పీచు తొక్కను, నమిలి తుక్కు చేస్తోంది తప్ప, తాడు పేనడానికి పనికొచ్చే పొడుగు పీచు ఇవ్వడం లేదు. కొనేవాళ్ళు చూసి చూసి మానేశారు. ఇలా మూలపడి ఉంటే వచ్చే నెలాఖరుకి మిషనును వేరే జిల్లాకి ఎత్తుకుపోతామని అక్కడి ఆఫీసువాళ్ళు చెప్పేశారట. సంఘంలో వాళ్ళంతా కలిసి తవమణిని ఎంచి పంపారు, నేర్చుకుని రమ్మని. "రేపు విమానం ఎక్కాలి. దిగాక వాళ్ళకేం చెప్పను? లడ్డూ ప్రసాదం తెచ్చానని చెప్పనా?"

ఇది వింటూ బోడసకుర్రు వంతెన మీద వైనతేయ పాయ దాటాం. పాశర్లపూడి కూడా దాటేశాం. మామిడికుదురు రాగానే రోడ్డు పక్కన కొబ్బరి డొక్కల గుట్టలు, వెనకాల ఒక రేకుల షెడ్డు కనిపించాయి. "అదేనండి మిల్లు" అన్నాడు దుర్గారావు. అని, బండి ఆపకుండా ముందుకు పోనిచ్చాడు.

"ఆపవయ్యా!" అన్నాను.

"ముందు దిండి అండి" అన్నారు కోఆర్డినేటర్ గారు. "ప్రోగ్రాంలో ఉందండి. హౌస్‌బోటు చూపించకుండా పంపిస్తే మనకి మాటొస్తుందండి. దారిలోనే కదండీ."

దారిలోనేనట! మిల్లు దాటి, తాటిపాక దాటి, రాజోలు దాటి మరీ వెళ్ళాలి దిండి. మీరు సరదాగా వెళ్ళేవాళ్ళయితే అమలాపురంలో రోజుకి కారు మాట్లాడుకోవచ్చు, మూడు వేల లోపే ఒప్పుకుంటారు, దిండిలో గంట లెక్కన పడవ దొరుకుతుంది, గోదావరి మీద గాలి బాగుంటుంది. ఆ రోజు నాకు ఆ గాలి కూడా విషంలా ఉంది. పడవ ఎక్కగానే కోఆర్డినేటర్ గారు కారు డిక్కీలోంచి ఒక బ్యానరు తీయించి రెయిలింగుకి కట్టించారు. "మిత్రదేశ పునర్నిర్మాణానికి మన చేయూత" అని పెద్ద అక్షరాలు, రెండు జెండాలు. దాని ముందు తవమణిని నిలబెట్టి, చేతిలో కొబ్బరి బొండం పెట్టి ఫోటోలు తీశారు. వారం నుంచీ ఎక్కడికెళ్ళినా బొండమేనట. కొబ్బరితోటలో పుట్టిన మనిషికి బొండం!

"దాని మీద ఏం రాసుంది?" అని అడిగింది. చెప్పాను. చేయూత అనే మాటను విడదీసి మరీ చెప్పాను. "చెయ్యి ఉందా అందులో?" అని బ్యానరు వైపు ఇంకోసారి చూసి, బొండం కింద పెట్టేసింది.

నాకు కోపం ఆగలేదు. "ఇదేం శిక్షణండీ? ఈవిడ వచ్చింది షికారుకా?" అని కోఆర్డినేటర్ గారిని గట్టిగానే అడిగేశాను. ఆయన నొచ్చుకున్నారు. "మేడమ్ గారూ, అలాగంటే ఎలాగండీ. పాపం యుద్ధంలో అన్నీ పోగొట్టుకుని వచ్చేరు. నాలుగు రోజులు సుఖంగా చూసుకుని పంపుదావని మా తాపత్రయవండి. పని అంటారా, పని వాళ్ళ ఊళ్ళో ఎలాగూ తప్పదు కదండీ." ఆ మాటలో ఏ కపటమూ లేదు. నిజంగా ప్రేమగానే అన్నారు. అందుకే నాకు మరింత మంటెక్కింది. దొంగ అయితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు, ఇంత మంచివాణ్ణి ఏం చేసుకోవాలి?

మళ్ళీ మామిడికుదురు వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. అమలాపురంలో ముగింపు సభ నాలుగింటికి. మూడింటికల్లా బయల్దేరాలి అని దారిలోనే నాలుగుసార్లు గుర్తుచేశారు. మిల్లు యజమాని సత్తిబాబు గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. యాభై ఏళ్ళ మనిషి, పదిహేనేళ్ళు కువైట్‌లో మిషన్ల షాపులో చేసి వచ్చి ఈ మిల్లు పెట్టుకున్నారు. "రండి రండి రండి! ఎండనపడి వచ్చేరు. లోపలికి రండి, ముందు కాళ్ళు కడుక్కోండి."

అక్కడ నాకేదో తేడాగా అనిపించింది. చప్పుడు లేదు. మిల్లు అన్నాక మోటారు చప్పుడుండాలి, మనుషులుండాలి. షెడ్డు లోపల పీచు తీసే డ్రమ్ము మీద గుడ్డ కప్పి, దానికో బంతిపూల దండ వేసి ఉంది.

"మిల్లు నడవడం లేదా?" అన్నాను.

"ఆపించేసేనండి!" అన్నారు సత్తిబాబు గారు సంబరంగా. "పొట్టు కళ్ళల్లో పడతాది, చెవులు దిబ్బడేస్తాయి, గెస్టులకి ఇబ్బంది కదండీ. పనోళ్ళకి కూడా సెలవిచ్చేసేను. అంతా కడిగించి పెట్టేనండి, తీరిగ్గా చూసుకోవచ్చు."

నేనింక ఈ మాటను తమిళంలోకి ఎలా మార్చాలి? అయినా తవమణికి దుబాసీ అక్కర్లేకపోయింది. దండ వేసిన డ్రమ్మును చూసి అక్కడే అరుగు మీద కూలబడిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంది, అది చెమట మాత్రం కాదు. సముద్రం దాటి, వారం రోజులు గుళ్ళచుట్టూ తిరిగి, చిట్టచివరికి మిల్లు దగ్గరికి వస్తే మర్యాద కోసం మిల్లును ఆపేశారు!

"ఆవిడ దీన్ని నడపడం నేర్చుకోవాలండీ, చూడ్డానికి రాలేదు. ఇప్పుడే మోటారు వేయించండి" అన్నాను.

"ఆయ్" అన్నారు సత్తిబాబు గారు. "తప్పకుండానండి. ముందు రెండు ముద్దలు తినేసి..."

రెండు ముద్దలంటే కోనసీమలో ఎంతో మీకు తెలిసే ఉంటుంది. వరండాలో అరిటాకులు వేశారు. పనసపొట్టు కూర, గుత్తొంకాయ, రొయ్యల వేపుడు, చేపల పులుసు, కొబ్బరి పచ్చడి, మామిడికాయ పప్పు, గడ్డపెరుగు. ఆయన భార్య నాగమణి గారు మా వెనకే నిలబడి, చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డించేలా ఉన్నారు. వంట గురించి అబద్ధం చెప్పను, అంత కమ్మటి పులుసు నేనీమధ్య తినలేదు. కానీ పక్కన తవమణి ప్రతి ముద్దకీ గోడ గడియారం వంక చూస్తోంది. ఒకటిన్నర అయింది. "భోంచేసేక కొంచెం నడుం వాలుస్తారా అండీ, మంచం వేయించేను" అన్నారు సత్తిబాబు గారు. అదేదో సినిమా హాల్లో ఇంటర్వెల్ చెప్పినంత తేలిగ్గా అన్నారు.

ఆ మాటకి తవమణి లేచింది. తన ఆకు మడిచి, చేత్తో ఎత్తింది. అతిథి తన ఆకు తాను తియ్యకూడదని, తీస్తే ఆ ఇంటి పుణ్యం పట్టుకుపోయినట్టేనని మనవైపు పట్టింపు. వాళ్ళవైపూ అంతేనని ఆవిడే తర్వాత చెప్పింది, తెలిసే చేసిందన్నమాట. నాగమణి గారు గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "అయ్యయ్యో! అదేంటండీ, దించండి, దించండి! మీరు తియ్యకూడదండి!"

తవమణి దించలేదు. నా ఆకు తీసింది. ఇంకా పెరుగన్నం తింటున్న కోఆర్డినేటర్ గారి ఆకూ లాగింది, ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సత్తిబాబు గారి ఆకు కూడా తీసుకుని, అన్నీ కలిపి పెరట్లోకి పట్టుకెళ్ళి పడేసి, పంపు దగ్గర గొంతుక్కూర్చుని అంటు తోమడం మొదలుపెట్టింది. మేమందరం వెనకే వెళ్ళాం. నాగమణి గారికి ఏడుపొక్కటే తక్కువ. "మా పరువు పోయిందండీ, ఎవరైనా చూస్తే ఏవనుకుంటారు! చెప్పండి మేడమ్ గారూ!" అంటూ నా చెయ్యి పట్టుకున్నారు.

నేను చెప్పేలోపే తవమణి అంటు తోమే పీచు ముద్దను తడితడిగా చేత్తో ఎత్తి పట్టుకుని నావైపు చూసింది. "వాళ్ళకి చెప్పండి. వారం రోజుల పీచు శిక్షణలో నా చేతికి పీచు దొరకడం ఇదే మొదటిసారి."

తెలుగులో అదే మాట, ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పాను. నా గొంతు కాస్త పెద్దదే అయ్యుంటుంది. కోఆర్డినేటర్ గారు నేల చూపులు చూశారు. నాగమణి గారు నా చెయ్యి వదిలేసి, తవమణి చేతిలో పీచు ముద్దను ఊడలాక్కున్నారు.

"లే, లే పైకి" అన్నారు. అంతవరకూ అండీ లేకుండా ఒక్క మాట అనని మనిషి! "ఆ చీరేంటి, డ్రమ్ముకి చిక్కుకుంటే ప్రాణం మీదకొస్తాది. లోపలికి రా, నా నైటీ ఇస్తాను. జుట్టు కూడా ముడేసుకో." ఆవిడకు తెలుగు రాదని నేను గుర్తుచేస్తే, "వచ్చులెండి, అర్థవైంది దానికి" అని విసుక్కుని, భర్తవైపు తిరిగారు. "ఏవండీ, మన పుణ్యం ఎలాగూ పట్టుకుపోయింది. పనైనా నేర్పండి."

కోఆర్డినేటర్ గారు అడ్డం పడ్డారు. "మేడమ్ గారూ, అది మేకుల డ్రమ్మండి. చెయ్యి పోతే? విదేశీ అతిథి. రెండు దేశాల సంబంధాలేవవుతాయండీ?" నాగమణి గారి పువ్వుల నైటీలో, తలకి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చిన తవమణికి ఆ మాట చేరవేశాను. "అక్కడికెళ్ళాక ఇదే మిషన్లో నేను చెయ్యి పెట్టాలి, ఎవరూ నేర్పకపోయినా పెట్టాలి. అక్కడ పోతే ఫర్వాలేదా?" అంది. ఇది కూడా తెలుగులో చెప్పాను. ఆయన ఫోన్ వచ్చినట్టు కారు దగ్గరికి వెళ్ళిపోయారు.

సత్తిబాబు గారు దండ తీసి పక్కన పెట్టి, మోటారు వేశారు. ఆ చప్పుడు విని తవమణి ముఖం విప్పారింది. నానబెట్టిన డొక్కను చేత్తో పట్టుకుని సగం దాకా తిరిగే డ్రమ్ములోకి ఇవ్వాలి. మేకులు దాన్ని దువ్వుతుంటే పొట్టు రాలిపోతుంది. లాగి, తిప్పి, రెండోవైపు ఇవ్వాలి. డ్రమ్ము లాగే బలాన్ని మణికట్టు ఆపగలిగినంతవరకే పట్టుకుని, అది దాటితే డొక్కను వదిలెయ్యాలి. ఇది నోటితో చెప్పేది కాదు, దుబాసీ పనికి వచ్చేదీ కాదు. మొదట్లో సత్తిబాబు గారు ఆ హోరులోనే "తమరు కొంచెం ఎడమ చెయ్యి వెనక్కి తీసుకోవాలండి" అని మర్యాదగా చెప్పబోయారు. ఆ వాక్యం పూర్తయ్యేలోపే డొక్క ఆవిడ చేతులను లోపలికి ఈడ్చింది. "ఒదిలెయ్యే! ఒదులూ!" అని కేకపెట్టి చేతిమీద ఒక్కటి వేశారు. ఆ తర్వాత ఆయన నోట మరి అండీ రాలేదు. "అలా కాదెహే! కళ్ళెక్కడున్నాయి? మళ్ళీ పెట్టు!" ఆవిడ వారం రోజుల్లో మొదటిసారి హాయిగా ఊపిరి తీసుకుంది.

అయితే ఆయన అక్కడితో ఊరుకోలేదు. డ్రమ్ము ఆపి, డొక్క పెట్టే తొట్టె అంచుకీ డ్రమ్ము మేకులకీ మధ్య సందును కావాలనే తగ్గించి మళ్ళీ వేశారు. పీచు తుక్కుతుక్కుగా పడింది. తవమణి ఆ తుక్కును దోసిట్లోకి తీసుకుని ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఇదే! మా ఊళ్ళో వచ్చేది ఇదే!" సందు సరిచూడడానికి సత్తిబాబు గారు వాడేది కొబ్బరాకు ఈనె. మోటారు ఆపి, ఈనెను సందులోకి తోస్తే అది కాస్త రాసుకుంటూ జారాలి, విరక్కూడదు. డొక్కలు ఎండువైతే సందు కొంచెం పెంచాలి. ఆవిడ చేత బోల్టులు విప్పించారు, బిగింపించారు, మళ్ళీ విప్పించారు. గ్రీజు మోచేతుల దాకా పాకింది.

సరిగ్గా ఆ పనిలో ఉండగా కోఆర్డినేటర్ గారు వచ్చారు. మూడు దాటింది. "ముఖ్య అతిథి గారు బయల్దేరేరంటండి. శాలువా, జ్ఞాపిక అన్నీ అక్కడే. సత్తిబాబు గారూ, మోటారు ఆపించెయ్యండి."

"ఆయ్" అన్నారు సత్తిబాబు గారు ఎంతో వినయంగా. చెయ్యి మాత్రం స్విచ్చి వైపు వెళ్ళలేదు.

"ఆపించండి బాబూ, లేటైపోతోంది."

"ఆయ్, ఆపేస్తానండి." ఇంకో డొక్క తీసి తవమణి చేతికిచ్చారు.

కోఆర్డినేటర్ గారు నామీద పడ్డారు. "మేడమ్ గారూ, మీరైనా చెప్పండి ఆవిడకి." చెప్పాను. సభ ఉంది, శాలువా కప్పుతారు, ఇప్పుడే బయల్దేరాలి అన్నాను, ఏదీ దాచలేదు. తవమణి డ్రమ్ము మీంచి చూపు తిప్పకుండా "ఓం" అంది.

"ఏవన్నారండీ? అవునన్నారు కదా? వస్తున్నట్టే కదండీ?"

"ఓం అన్నారండి" అన్నాను. "కానీ ఆవిడ ఇక్కడికొచ్చి, మీ ఆయ్ వింటూ వారమైంది కదా."

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కారులోంచి బ్యానరు తీసి చంకలో పెట్టుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. పాపం, మా కోసం కారును మాత్రం వదిలేశారు. పొద్దు వాలేదాకా ఆ డ్రమ్ము తిరిగింది. చివరి రెండు గంటలు సత్తిబాబు గారు ముట్టుకోలేదు, వెనక నిలబడి తిట్టారంతే. ఆవిడే సందు చెడగొట్టుకుని ఆవిడే సరిచేసుకుంది. ఆఖరున వచ్చిన పీచు జానెడు దాటి పొడుగ్గా, మెత్తగా వచ్చింది. నాగమణి గారు ఒక పాయ తీసుకుని తొడమీద పెట్టి పేని చూసి, తెగకపోయేసరికి తవమణి బుగ్గ గిల్లారు.

మర్నాడు నా స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది, మిగతా ఐదుగురికీ శాలువాలు కప్పి సర్టిఫికెట్లు ఇచ్చారట. తవమణికి ఇవ్వలేదట. సభకు హాజరు కాలేదు కాబట్టి శిక్షణ పూర్తిచేయనట్టే లెక్కట! గుళ్ళు తిరిగిన వాళ్ళు శిక్షణ పొందినవాళ్ళు, గ్రీజు పూసుకున్న మనిషి పొందనిది. ఆ మాట విని నేను ఫోన్‌లోనే అరిచాను. ఆ తర్వాత కార్యక్రమం పెట్టినవాళ్ళకి పెద్ద ఉత్తరం కూడా రాశాను. మీ సూచనలు గమనంలోకి తీసుకున్నామని జవాబొచ్చింది. ఇంకో రకం ఆయ్ అన్నమాట.

మీలో ఎవరైనా పీచు మిల్లు చూడ్డానికి వెళ్తుంటే ఒకటే సలహా. వానలు లేని నెలల్లో, అమలాపురం నుంచి రాజోలు వైపు వెళ్ళే మొదటి బస్సుల్లో బయల్దేరి ఏడింటికల్లా మామిడికుదురులో దిగండి, తోవలోనే కడుపునిండా టిఫిను చేసెయ్యండి. ముందురోజే ఫోన్ చేసి "మేం వస్తున్నాం" అనకండి, "మిషను ఆపొద్దు" అనండి. ఇంటి గుమ్మంవైపు కాకుండా డొక్కల గుట్టలవైపు నుంచి నేరుగా షెడ్డులోకి నడవండి. చీరలు, చున్నీలు వద్దు.

నా కోపం ఎవరి మీదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ రోజు నాకు తారసపడిన వాళ్ళలో చెడ్డవాడు ఒక్కడూ లేడు. అందరూ పెట్టారు, అందరూ ఆదరించారు. కానీ ఒక మనిషిని వారం రోజులపాటు కుర్చీలోంచి లేవనివ్వకపోతే, ఆ మనిషి ఎప్పటికీ పుచ్చుకునే మనిషిగానే ఉండిపోతుంది, మనం ఎప్పటికీ ఇచ్చేవాళ్ళుగా ఫోటోల్లో నిలబడతాం. ఊళ్ళు కట్టడం అంటే ఇదా? పోయిన వారం తవమణి నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మిషనును ఎత్తుకుపోవడానికి ఆఫీసువాళ్ళు లారీతో వచ్చారట. శిక్షణ సర్టిఫికెట్టు ఏదన్నారట. "లేదని చెప్పి, మోటారు వేసి, డొక్క పెట్టి, పీచు తీసి వాళ్ళ చేతుల్లో పెట్టాను. లారీ ఖాళీగా వెళ్ళింది. ఇప్పుడు పక్క ఊరివాళ్ళు కూడా నేర్చుకుంటామని వస్తున్నారు, నిన్నటి నుంచీ..." ఆవిడ మాట అక్కడే ఆగిపోయింది. దూరంగా ఎవరినో తమిళంలో ఒక్క కేక వేసింది, చెయ్యి తియ్యవే, చెవుడా నీకు అని. ఆ కేకలో మర్యాద మచ్చుకైనా లేదు.